పిల్ల బతికితేనే పెంపకం: ఇంటి కోళ్లు, మేకల్లో చావు ఆపడం ఎలా?

ఇంటి ముందు గంప కింద పిల్లల కోడి. దొడ్లో మూడో నాలుగో మేకలు. అజీజ్‌నగర్ నుంచి చేవెళ్ల దాకా ఏ పల్లెకు పోయినా, ఏ తండాకు పోయినా ఇవి కనిపిస్తాయి. ఆస్తి ఎంత ఉందని అడిగితే వీటి సంగతి ఎవరూ చెప్పరు. కానీ పిల్లాడికి జ్వరమొచ్చినా, బడి ఫీజు కట్టాలన్నా, విత్తనాలకు చేబదులు దొరక్కపోయినా ముందు అమ్మేది వీటినే. ఎకరం, రెండెకరాల రైతుకు, సెంటు భూమి లేని కూలీకి, లంబాడా, ఎరుకల కుటుంబాలకు ఆపదలో ఆదుకునేవి ఇవే.

అయితే మీ ఇంట్లో ఓ లెక్క చూసుకోండి. పోయిన ఏడాది ఎన్ని కోడిపిల్లలు గుడ్లు పగిలి బయటికొచ్చాయి? అందులో ఎన్ని అమ్మకానికి వచ్చాయి? ఎన్ని మేకపిల్లలు పుట్టాయి? ఎన్ని మిగిలాయి? చాలా ఇళ్లలో పుట్టినవి ఎక్కువ, మిగిలినవి తక్కువ. 'కోళ్లు మాకు అచ్చిరావు' అని చెప్పుకుని ఊరుకుంటాం. అచ్చిరాకపోవడం కాదు, జబ్బును ఆపలేకపోవడమే అసలు సంగతి. పెంపకంలో లాభం కొత్త జాతి కొనడంతో మొదలు కాదు. ఉన్న పిల్లను బతికించుకోవడంతో మొదలవుతుంది.

మేత జాగా తగ్గింది

అజీజ్‌నగర్ ఒకవైపు హిమాయత్‌సాగర్, ఇంకోవైపు ఉస్మాన్‌సాగర్ మధ్య ఉన్న ఊరు. 1908 మూసీ వరదల తరవాత కట్టిన ఈ రెండు చెరువులను కాపాడటానికి ప్రభుత్వం 1996 మార్చిలో జీవో 111 ఇచ్చింది. 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో జీవో 69తో వాటిని సడలించింది. ఈ మధ్యలో భూములు చేతులు మారాయి. ఫాంహౌసులకు, తోటలకు కంచెలు పడ్డాయి. చిల్కూరు దగ్గరి మృగవని 1994లో జాతీయ ఉద్యానవనం అయింది. జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడం చట్టం ఒప్పుకోదు.

దీని ఫలితం మేకలు కాసేవారికి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు బీడు, గట్టు, చెరువు శిఖం అన్నీ మేత జాగాలే. ఇప్పుడు మంద తోలుకుని పోవాలంటే రోడ్డు దాటాలి, కంచె దాటాలి, మాట పడాలి. ఇరవై మేకలు మేపిన ఇంట్లో ఇప్పుడు నాలుగైదు ఉంటున్నాయి. మంద పెద్దగా ఉన్నప్పుడు రెండు పోయినా తట్టుకునేవాళ్లం. నాలుగే ఉన్నప్పుడు రెండు పోతే సగం పోయినట్టే. అందుకే చిన్న పెంపకందారుకు చావు ఆపడం మరీ అవసరం.

పథకాలు ఉన్నాయి కదా అనవచ్చు. జాతీయ పశుధన పథకాన్ని 2021లో సవరించారు. 50 శాతం రాయితీ ఇస్తారు, మంచిదే. కానీ అందులో మేకల యూనిట్ 100 ఆడ మేకలు, 5 పోతులతో మొదలవుతుంది. జాగా, షెడ్డు, మేత, బ్యాంకు పత్రాలు ఉన్నవారికి అది పనికొస్తుంది. నాలుగు మేకల ఇంటికి ఎవరూ రారు. మన దారి మనమే చూసుకోవాలి.

కాగితం మీద ఒక లెక్క

లెక్క సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఒక నాటు పెట్ట ఏడాదికి మూడుసార్లు పొదుగుతుంది. ఒక్కోసారి 12 గుడ్లు పెడితే 9 పిల్లలు వస్తాయి. అంటే ఏడాదికి 27 పిల్లలు. కొక్కెర తెగులుకు, గద్దకు, పిల్లికి, వానకు పోగా 5 మిగిలాయనుకోండి. కోడికి 400 రూపాయల చొప్పున 2,000 రూపాయలు. అదే పెట్ట, అవే గుడ్లు, కాస్త జాగ్రత్తతో 14 మిగిలితే 5,600 రూపాయలు. ఐదు పెట్టలున్న ఇంటికి ఈ తేడా 18,000 రూపాయలు. కొత్తగా ఒక్క కోడి కొనలేదు, షెడ్డు కట్టలేదు. టీకాకు, గంపకు, నాలుగు కిలోల నూకలకు తప్ప ఖర్చు లేదు. మీ ఊరి ధర, మీ ఇంటి లెక్క వేసుకుని చూడండి. అంకెలు మారతాయి గానీ సంగతి మారదు.

ఏజెన్సీ గిరిజనులు నేర్పిన పాఠం

అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో, అడ్డతీగల, వై.రామవరం ప్రాంతాల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా అసీల్ కోళ్లను పెంచుతున్నారు. అక్కడ 'వాటా' అనే పద్ధతి ఉంది. కోళ్లు లేని ఇంటికి కోళ్లున్నవారు ఒక పెట్టను పెంపకానికి ఇస్తారు. పెట్ట ఇచ్చినవారిదే. పొదిగి పెరిగిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. వడ్డీ లేదు, కాగితం లేదు, హామీ లేదు. మన దగ్గర గొర్రెలను, మేకలను 'పాలుకు' ఇచ్చినట్టే ఇదీ. ఒంటరి ఆడవారు, కొత్తగా కాపురం పెట్టినవారు ఇలాగే రెండేళ్లలో సొంత కోళ్లు చేసుకునేవారు.

అయితే తెగులు వచ్చి ఊళ్లో కోళ్లన్నీ పోతే వాటాకు ఇవ్వడానికి పెట్ట ఎక్కడిది? పశువైద్యురాళ్లు 1992లో స్థాపించిన 'అంత్ర' సంస్థ 1990 దశకం నుంచి ఆ ప్రాంతంలో గిరిజన మహిళలతో కలిసి పనిచేసింది. వాళ్లు బయటినుంచి కొత్త జాతి కోళ్లు తెచ్చి పంచడంతో మొదలుపెట్టలేదు. ఊరి ఆడవారికే టీకాలు వేయడం, జబ్బు గుర్తించడం నేర్పారు. అసీల్ జాతినే నిలబెట్టి, వాటా పద్ధతికి మళ్లీ ఊపిరి పోశారు. మొదట చావు తగ్గించడం, ఆ తరవాత ఇచ్చిపుచ్చుకోవడం. వరస ఇదే. వరస తప్పి, జబ్బున్న ఊరికి కొత్త కోళ్లు తెచ్చి పంచితే అవీ పాతవాటి దారినే పోతాయి.

కొక్కెర తెగులు: ఇంటికొక్కరు కాదు, ఊరంతా

నాటు కోళ్లకు అసలు శత్రువు కొక్కెర తెగులు. దీన్నే రాణీఖేత్ వ్యాధి అంటారు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది. ఆకుపచ్చని, తెల్లని పారుడు ఉంటుంది. నోరు తెరిచి గురకపెడుతుంది. కొన్నింటికి మెడ వంకర తిరుగుతుంది. ఇది వైరస్ జబ్బు, వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి, మాత్రలు ఏవి వేసినా ఈ వైరస్ చావదు. రాకముందు టీకా ఒక్కటే మార్గం. వరస ఇలా ఉండాలి:

5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా, కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క.

28వ రోజు ప్రాంతంలో లసోటా మళ్లీ ఒకసారి.

6, 7 వారాల వయసులో మశూచి టీకా.

8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌2బి టీకా, అర మి.లీ. చర్మం కింద సూదితో. తరవాత ఆరు నెలలకోసారి.

టీకాకు వారం ముందు నట్టల మందు తాగించాలి. నీరసంగా ఉన్న కోడికి టీకా వేయవద్దు. లసోటా చుక్క ఎప్పుడూ పడని కోడికి నేరుగా ఆర్‌2బి సూది వేయించే ముందు పశువైద్యుణ్ని అడగండి.

మరి ఇంత తెలిసీ ఊళ్లలో టీకాలు ఎందుకు వేయించరు? కారణం బద్ధకం ఒక్కటే కాదు. ఈ టీకాలు వందలాది మోతాదులున్న సీసాల్లో వస్తాయి. మీ ఇంట్లో ఎనిమిది కోళ్లుంటాయి. సీసా తెరిచి మందు కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది పారబోయాల్సిందే. పైగా టీకాను మంచులోనే తేవాలి. చేతిసంచిలో ఎండన పడి తెస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు. అందుకే ఎనిమిది కోళ్ల మనిషి ఒక్కడే పోతే పని కాదు.

ఇరవై ఇళ్లు కలిస్తే అవుతుంది. ఒక రోజు అనుకోండి. ముందు రోజు రాత్రి కోళ్లను గూటిలోనే ఉంచండి. తెల్లవారి వాటిని వదలకముందే ఒకరు మంచు పెట్టెలో సీసా తెస్తే, నేర్చుకున్న ఇద్దరు ఇంటింటికీ తిరిగి రెండు గంటల్లో ముగించవచ్చు. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఇలాగే చేస్తున్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన, వేడిని కొంత తట్టుకునే ఐ-2 టీకాను ఊరి మనుషులే కంట్లో చుక్కగా వేస్తున్నారు. మన మహిళా సంఘాలకు ఇది పెద్ద పని కాదు. మండల పశువైద్యశాలలో ముందుగా పేర్లు, కోళ్ల సంఖ్య రాసిచ్చి టీకా అడగండి. ఒక్కరు అడగడం వేరు, రెండు వందల కోళ్ల లెక్కతో ఇరవై మంది అడగడం వేరు.

మనం చేసే ఓ తప్పు గురించి కూడా చెప్పుకోవాలి. ఊళ్లో రెండు కోళ్లు చావగానే మిగిలినవాటిని గబగబా అంగడికి పట్టుకుపోతాం. 'పోయేదేదో పోకముందే నాలుగు పైసలు వస్తాయి' అనుకుంటాం. ఆ కోళ్లతో జబ్బు పక్క ఊళ్లకు పోతుంది. అక్కడి కోడిని కొని తెచ్చినప్పుడు తిరిగి మన ఇంటికే వస్తుంది. చచ్చిన కోడిని కుక్కలకు వేయవద్దు, చెరువులో పారేయవద్దు. గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. ఒక్కసారిగా చాలా కోళ్లు పోతే వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. అంగడి నుంచి తెచ్చిన కోడిని కనీసం రెండు వారాలు వేరే కట్టేయండి.

మొదటి నెల రోజుల జాగ్రత్త

తెగులు తరవాత ఎక్కువ చావులు పిల్ల పుట్టిన మొదటి నాలుగు వారాల్లోనే. పొదుగుకు వారం లోపు పెట్టిన గుడ్లే వేయండి. ఎండాకాలంలో నాలుగైదు రోజులు దాటినవి వద్దు. వారం తరవాత చీకట్లో టార్చి లైటుకు అడ్డుపెట్టి చూస్తే నరాలు కనిపించే గుడ్డు మంచిది, తేటగా ఉన్నది పిల్ల కాదు. దాన్ని తీసేయండి.

పిల్లలు వచ్చాక మొదటి మూడు వారాలు తల్లితో సహా పెద్ద గంప కింద ఉంచి, ఎండ పడే వేళ మాత్రం కొద్దిసేపు వదలండి. గద్దకు, పిల్లికి పోయేవి దీంతోనే సగం తగ్గుతాయి. కింద పొడి ఊక పరవండి. నూకలు, సజ్జలు, రాగులు మెత్తగా విరిచి పెట్టండి. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ నింపి చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. పిల్లలకు అంతకు మించిన బలమైన తిండి లేదు, ఖర్చూ లేదు. తాగే నీళ్లు లోతులేని మూకుడులో పెట్టండి, లేకపోతే పిల్లలు పడి తడిసి చస్తాయి.

వనరాజా కావాలా, నాటు కావాలా?

మన జిల్లాలోనే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది ఆ సంస్థే. వనరాజా గుడ్లకూ మాంసానికీ, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకూ పనికొస్తాయి. నాటు పెట్ట కంటే రెండు, మూడు రెట్లు ఎక్కువ గుడ్లు పెడతాయి. ఇంట్లో పిల్లలకు గుడ్డు పెట్టాలన్నా, గుడ్లు అమ్మాలన్నా ఇవి మేలు.

కానీ ఒక సంగతి మరిచిపోకండి. ఈ కోళ్లు పొదగవు. ప్రతిసారీ పిల్లలను కొనాల్సిందే. కొన్న పిల్లలకు తల్లి ఉండదు కాబట్టి మొదటి నెల రోజులు బల్బు వేడి, దాణా మీరే చూడాలి. నాటు పెట్ట తనే గుడ్డు పెట్టి, తనే పొదిగి, తనే కాపాడి ఇంకో తరం ఇస్తుంది. గద్దను చూస్తే అరిచి పిల్లలను రెక్కల కిందికి తీసుకుంటుంది. అసీల్ తక్కువ గుడ్లు పెడుతుంది గానీ మంచి తల్లి, మాంసానికి గిరాకీ ఎక్కువ. రెండూ కావాలనుకునేవారు నాటు పెట్టలను ఉంచుకుని, నాలుగైదు గ్రామప్రియ పెట్టలను గుడ్ల కోసం చేర్చుకోవచ్చు. గ్రామప్రియ గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించవచ్చు. కానీ ఆ పిల్లలు తల్లిలా గుడ్లు పెడతాయని ఆశించవద్దు. టీకా మాత్రం ఏ జాతికైనా తప్పదు.

మేకల విషయంలో

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, సుమారు 1 కోటి 90 లక్షలు. వీటికీ మేకలకూ చాలా జబ్బులు ఒకటే. ముఖ్యంగా రెండింటిని గుర్తుంచుకోండి.

మొదటిది పి.పి.ఆర్., పారుడు జబ్బు. జ్వరం, కళ్లు ముక్కుల నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, ఆపైన పారుడు. మన దేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. మంచి టీకా ఉంది. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒకసారి వేయిస్తే సుమారు మూడేళ్లు రక్షణ ఉంటుంది. పశువుల్లో ఇలాంటి మహమ్మారి రిండర్‌పెస్ట్‌ను టీకాలతోనే 2011 నాటికి ప్రపంచం నుంచి లేకుండా చేశారు. పి.పి.ఆర్.ను 2030 నాటికి తుడిచేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. అది నెరవేరాలంటే ప్రతి చిన్న మందకూ టీకా పడాలి. మూడు మేకలే కదా అని దాచుకోవద్దు.

రెండోది చిటుక రోగం. రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. తొలకరి వానలకు మొలిచిన లేత గడ్డి విపరీతంగా తిన్నప్పుడు, పొలంలో గింజ ఎక్కువ తిన్నప్పుడు వస్తుంది. వానలకు ముందే, మే నెలలోనే టీకా వేయించాలి. మొదటిసారి వేయించేవారు రెండు, మూడు వారాలకు రెండో మోతాదు కూడా వేయించాలి.

పుట్టిన పిల్లకు గంటలోపు ముర్రుపాలు తాగించండి. బొడ్డుకు టించర్ అయోడిన్ రాయండి. వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి నట్టల మందు తప్పదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి చూడి మేకలకు ఏ మందు ఇవ్వాలో డాక్టరును అడిగి ఇవ్వండి. కట్టేసే చోటు తడిగా ఉంటే పిల్లలకు న్యుమోనియా వస్తుంది. కర్రలతో అడుగు, రెండడుగుల ఎత్తు మంచె కట్టినా చాలు. రెండేళ్లకోసారి పోతును మార్చండి. తన కూతుళ్లనే దాటే పోతు వల్ల పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి. నాలుగు మేకల ఇంటికి పోతును కొనడం భారమే కాబట్టి పది ఇళ్లు కలిసి ఒకటి పెట్టుకుని, పక్క తండావారితో మార్చుకోవచ్చు.

గట్టే మేత జాగా

బయట మేత తగ్గినప్పుడు ఇంటి గట్టే దిక్కు. గట్ల మీద, కంచె వెంట అవిసె, సుబాబుల్ వేసుకోండి. సుబాబుల్ ఒక్కటే పెట్టవద్దు, మొత్తం మేతలో మూడోవంతు మించకూడదు. ఎక్కువైతే వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. వాన లేక వాడిన లేత జొన్నలోకి మేకను పోనివ్వకండి, నాము తగిలి నిమిషాల్లో పోతుంది. మొయినాబాద్, చేవెళ్ల పరిసరాల్లో పూలతోటలు, కూరగాయ తోటలు ఎక్కువ. మందు కొట్టిన తోట గడ్డి కోసుకొచ్చే ముందు ఎప్పుడు కొట్టారో అడగండి.

అమ్మేటప్పుడు

బోనాలకు, దసరాకు, బక్రీద్‌కు ధర ఉంటుంది. బేరగాడు చూపుబేరం ఆడతాడు. చేత్తో నడుం పట్టి ఓ ధర చెబుతాడు. మీరు తూకం వేసి మాట్లాడండి. మేక బతికున్న బరువులో సుమారు సగం మాంసం వస్తుంది. ఊళ్లో మాంసం కిలో ధర మీకు తెలుసు. ఇరవై కిలోల మేకలో దాదాపు పది కిలోల మాంసం. ఈ రెండు ముక్కలు తెలిస్తే ఎవరూ మోసం చేయలేరు. సంఘం డబ్బుతో ఊరికో వేలాడే కాటా కొనుక్కోండి.

ఈ వారం చేయాల్సింది

అన్నీ ఒక్కసారి చేయలేరు. ఒకటి చేయండి. ఈ వారం మీ వాడలో ఇరవై ఇళ్ల కోళ్లు, మేకలు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. పెద్దవెన్ని, పిల్లలెన్ని, పోయిన ఏడాది చచ్చినవెన్ని. ఆ కాగితం పట్టుకుని నలుగురు కలిసి పశువైద్యశాలకు పోయి టీకా రోజు అడగండి. ఏడాది తరవాత అదే కాగితం వెనకవైపు మళ్లీ రాయండి. చచ్చినవి తగ్గితే, ఆ మిగులులోంచి ఒక పెట్టను ఏమీ లేని ఇంటికి పాలుకు ఇవ్వండి. ఏజెన్సీలో ఆడవారు చేసింది ఇదే. మన దగ్గరా చేయవచ్చు.